మూడో వరస నీళ్లు

మూత 37వ రోజు

పొద్దున్నే డ్యూటీ తీసుకుని జల్లెడలు నాలుగూ కడిగాను. రెండోదాంట్లో మళ్లీ ఎవరో పాత్రలు తోమే పీచు వదిలేశారు. బయటి తలుపు దగ్గర వేడి యాభై ఎనిమిది డిగ్రీలు. తలుపులు మూసి ఇవాళ్టికి ముప్పై ఏడు రోజులు. వానలు పడి మళ్లీ తెరవడానికి ఇంకా నూట అరవై. అంతవరకు కొండ లోపలి మా ఊరు లోకొండలో ఉన్న రెండు వందల పదకొండు మందిమీ తాగేదీ, కడుక్కునేదీ, విడిచేదీ ఒకే నీరు. ఆరు రోజులకోసారి అది నా గదిలోంచి తిరిగి ఊరి బిందెల్లోకి వెళ్తుంది.

మధ్యాహ్నం ఊళ్లోని ఆరు వరసల ఇళ్ల మురుగు గొట్టాల నుంచి ఆరు సీసాలు పట్టి మిషన్‌లో పెట్టాను. అది గీసిచ్చిన కాగితాల్లో ఐదు మామూలుగానే వచ్చాయి. మూడో వరస కాగితం మీద మాత్రం గీత ఒకచోట కొత్తగా పైకి లేచింది, ఒక పీక్, చిటికెన వేలి గోరంత. మిషన్ దానికి పేరు చెప్పలేకపోయింది. నిన్నా మొన్నా తవిటినాయుడన్న డ్యూటీ. ఆయన కాగితాలు తీసి చూశాను. వాటిలో లేదు.

ఈ ప్లాంటు మా ఇద్దరిదే. రెండు రోజులు నేను, రెండు రోజులు పొట్నూరు తవిటినాయుడు. డ్యూటీలో ఉన్నవాళ్లు రెండు రోజులూ ఇక్కడే తిని ఇక్కడే పడుకోవాలి. ఆయన నాకంటే ఆరేళ్లు పెద్ద. నాకు ఈ పని నేర్పింది ఆయనే.

మూడో వరసలో ముప్పై నలుగురు ఉంటారు. ఎవరో కొత్త మందు మింగుతున్నారేమో అని రాసి పెట్టాను.

మూత 46వ రోజు

37, 38: పీక్ ఉంది. 39, 40: లేదు. 41, 42: ఉంది. 43, 44: లేదు. 45, 46: ఉంది, మొదటి రోజుకంటే ఎత్తుగా.

ఉన్న రోజులన్నీ నా డ్యూటీ. లేని రోజులన్నీ నాయుడన్న డ్యూటీ.

మిషన్ ఒకటే, గొట్టం ఒకటే, సీసాలు ఒకటే. మారుతున్నది మనిషి ఒక్కడే. ఇది రాస్తుంటే నాకే ఇబ్బందిగా ఉంది. అయినా రాస్తున్నాను.

మూత 49వ రోజు

ప్రతి రోజూ పరీక్షకు పోగా మిగిలిన నీటిని పది రోజుల పాటు తాళం వేసిన అరలో ఉంచుతాం. నాయుడన్న 47, 48 రోజుల్లో పట్టిన మూడో వరస సీసాలు తీసి నేనే మళ్లీ మిషన్‌లో పెట్టాను. ఆయన కాగితం మార్చాడని తేలుతుందనుకున్నాను. తేలలేదు. సీసాల్లో కూడా పీక్ లేదు.

అయితే కాగితం కాదు, సీసానే మార్చాడన్నమాట. వేరే వరస నీళ్లు పట్టి మూడో వరస చీటీ అంటించడం ఎంతసేపు? 48వ సీసా మూత అంచున గోధుమరంగు మరక ఒకటి ఉంది. తుప్పులా ఉంది. పాత గొట్టం విప్పితే అలాంటి తుప్పే చేతికి అంటుతుంది.

మూడో వరసలోనే ఆయన ఇల్లు. అక్కడ ఎవరో మురుగులో పోయకూడనిది పోస్తున్నారు. ఈయన కప్పిపెడుతున్నాడు.

నేను ఇంత దూరం ఎందుకు ఆలోచిస్తున్నానో ఈ పుస్తకం చదివేవాళ్లకు తెలియాలి. మూడేళ్ల కిందటి మూతలో, ఇదే గదిలో పనిచేసిన ఒకతను మూడో జల్లెడ చిరిగిందని తెలిసీ బాగానే ఉందని అంకెలు రాశాడు. పద్నాలుగు మంది మంచాన పడ్డారు. పదముగ్గురు లేచారు. లేవనిది మా చెల్లెలు నీలవేణి. అతన్ని తీసేశాక ఆ ఖాళీలోకే నేను వచ్చాను. నేను పట్టని అంకెను అప్పటినుంచీ నమ్మలేను.

మూత 53వ రోజు

పొద్దున డ్యూటీ అందుకోవడానికి వచ్చేసరికి నాయుడన్న కుర్చీలో నిద్రపోతున్నాడు. లేపితే ఉలిక్కిపడ్డాడు.

"అన్నా, మూడో వరసలో నీకేమైనా తేడా కనిపించిందా?" అని అడిగాను.

"లేదు సెల్లీ. ఏటి, నీకేటైనా కనిపించిందేటి?"

"లేదు," అన్నాను.

ఆయన లేచి చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు. మోచేతి కింద పెద్ద నల్లటి కమిలిన మచ్చ ఉంది. నేను చూడటం చూసి, "గొట్టం తగిలీసింది" అన్నాడు. గుమ్మం దాటి నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకుని ఆగాడు. "ఈమధ్య గాలి తక్కువిస్తన్నారు గావాల. నాలుగు మెట్లకే ఆయాసం వచ్చీస్తంది" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

గాలి అందరికీ ఒకటే. నాకు ఆయాసం రావడం లేదు. రాత్రంతా కూర్చుని ఏదో సర్దితే తప్ప పొద్దున్నే మనిషికి అంత నీరసం ఉండదు. గొట్టం తగిలిందట. ఏ గొట్టం, ఎందుకు విప్పాడు?

మూత 54వ రోజు

డాక్టర్ మండంగి సుభద్రకు ప్లాంటు నుంచి ఫోన్ చేసి రమ్మన్నాను. సీసా తీసుకెళ్లి ఆస్పత్రి మిషన్‌లో చూసి సాయంత్రం తనే వచ్చింది. ఆ పదార్థం పేరు రాసుకోవడానికి మూడుసార్లు అడిగాను. చివరికి "టూహెచ్‌జీ అని పెట్టుకో, చాలు" అంది.

"ఎవరైనా మురుగులో పోస్తున్నారా?"

"ఇది అంగట్లో దొరికేది కాదు కనకం. ఒంట్లో తయారయ్యేదే. అందరి ఒంట్లోనూ రవ్వంత ఉంటుంది. ఇంత ఉండదు."

"మరి?"

"ఇందులో రెండు రకాలున్నాయి. కుడిచేయి, ఎడమచేయిలా. చూడ్డానికి ఒకటే, కలిపి పెడితే ఒకదానిమీద ఒకటి సరిపోదు. ఎడమది గాలి చాలనప్పుడు ఎవరికైనా పెరుగుతుంది. కుడిది పెరిగితే వేరే కథ. నీ మిషనూ నా మిషనూ రెంటినీ కలిపే చూపిస్తాయి. విడదీసే గొట్టం ఒకటి స్టోర్‌లో ఉండాలి. వెతికి సిద్ధం చేయడానికి పది రోజులు పట్టొచ్చు."

నాయుడన్న సంగతి ఆమెకు చెప్పలేదు. గాలి చాలదని ఆయనా అన్నాడు, ఆమె కూడా అంది. ఇద్దరూ మాట్లాడుకున్నారేమోనని కూడా ఒక క్షణం అనిపించింది. ఆమెకు దీనితో ఏం సంబంధమో ఆలోచిస్తే ఏమీ దొరకలేదు.

మూత 57వ రోజు

ఊరి కమిటీకి నిన్న రాసిచ్చాను. ఇవాళ పదకొండు గంటలకు పిలిచారు. ప్రెసిడెంటు గొర్లె సింహాచలం నా కాగితాలు వరసగా బల్లమీద పరిచాడు. ఉంది, లేదు, ఉంది, లేదు. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యేలా ఉన్నాయి.

"నాయుడూ, దీనికేటంటావు?"

నాయుడన్న కాగితాలు చాలాసేపు చూశాడు. "నేను సీసా మార్చలేదండి. మార్చీవోణ్నైతే పన్నెండేళ్లలో ఎప్పుడో మార్చీసీవోణ్ని. ఇదెందుకిలా వచ్చిందో నాకు తెల్దు."

"తెలీకుండా నీ డ్యూటీల్లోనే ఎలా మాయమైపోతంది?"

ఆయన కాగితాలు పక్కకు జరిపాడు. నా వైపు తిరిగి, "ఇది నువ్వే రాసినావా కనకం?" అని అడిగాడు.

"నేనే."

నడుముకున్న ప్లాంటు తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు. తలుపులు తెరిచాక విచారణ అని, అంతవరకు ప్లాంటు ఉన్న కింది అంతస్తులోకి అడుగు పెట్టకూడదని సింహాచలం చెప్పాడు. నాయుడన్న భార్య పోలమ్మ బయట నిలబడి ఉంది. నేను పక్కనుంచి వెళ్లబోయాను. దారి ఇవ్వలేదు.

మూత 62వ రోజు

58, 59, 60, 61, 62. పీక్ ప్రతి రోజూ ఉంది. ఒక్క రోజూ మాయం కాలేదు. నా డ్యూటీ, నా డ్యూటీ కాని రోజు అని ఇప్పుడు ఏమీ లేదు. అన్ని రోజులూ నావే. కమిటీ వేరే మనిషిని ఇచ్చేదాకా నేను ఇక్కడే పడుకుంటున్నాను.

అడ్డు తీసేయగానే నిజం బయటపడింది అని రాసి, కింద గీత గీశాను. ఈ ఐదు రోజుల్లో పీక్ రెట్టింపైంది. అది మాత్రం ఎందుకో తెలియలేదు.

మూత 66వ రోజు

సుభద్ర గొట్టం సిద్ధం చేసి మూడో వరస నీళ్లు అందులోంచి పంపింది. నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది. ఎడమది రవ్వంత. మిగతాదంతా కుడిది.

"ఇది గాలి సంగతి కాదు," అంది. "మూడో వరసలో ఎవరికో క్యాన్సర్ ఉంది."

నీళ్లలో క్యాన్సర్ ఎలా కనిపిస్తుందని అడిగాను.

"మనం తిన్నదాన్ని శక్తిగా మార్చడానికి కణంలో ఎంజైములు వరసగా కూర్చుని పనిచేస్తాయి. ఒకరు చేసి పక్కవారికి అందించినట్టు. వాటిలో ఒకదాని జన్యువులో ఒక్క అక్షరం మారిందనుకో. ఆ ఎంజైము పని మానేస్తే అదొక రకం. ఇది మానలేదు. కొత్త పని నేర్చుకుంది. పక్కవారికి వెళ్లాల్సిన సరుకును తనే తీసుకుని ఈ కుడిచేతి టూహెచ్‌జీగా మారుస్తూ కూర్చుంది. అది చూడ్డానికి అసలు సరుకులాగే ఉంటుంది. కణం ఎదగడానికి కావలసిన వేరే ఎంజైములు అదేననుకుని దీన్ని పట్టుకుని ఆగిపోతాయి. కణం పెద్దది కాదు. పసిదిగానే ఉండి, తనలాంటి పసివాటినే పుట్టిస్తూ పోతుంది. నెత్తుటిలో మొదలైతే మంచి నెత్తురుకు చోటుండదు. నీరసం, ఆయాసం, కారణం లేకుండా కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం."

"మందు ఉందా?"

"ఆ ఎంజైము కొత్త పనిని ఆపే మాత్ర ఉంది. మనిషి దొరకాలి ముందు."

ఆమె చెప్పినవన్నీ విన్నాను. విని కూడా నాకు తట్టలేదు. వరసలో ఎవరికో ఈ జబ్బు ఉందని నాయుడన్నకు ముందే తెలుసని, వాళ్లు దాచమంటే దాచాడని అనుకున్నాను.

మూత 67వ రోజు

ఒక్కొక్క ఇంటి మురుగును విడిగా చూడాలంటే కమిటీ, డాక్టర్ ఇద్దరూ సంతకం పెట్టాలి. పెట్టారు. మూడో వరసలో తొమ్మిది ఇళ్లు. తొమ్మిది వాల్వులూ నేనే తిప్పి, తొమ్మిది సీసాలు పట్టాను.

ఏడో ఇల్లు. మిగతా ఎనిమిదింటిలో ఏమీ లేదు.

ఏడో ఇల్లు తవిటినాయుడిది. ఆయనా పోలమ్మా ఇద్దరే ఉంటారు. పోలమ్మకేనా జబ్బు అనుకున్నాను. ఆ తర్వాత ఇంకోటి అనుకున్నాను, అదీ రాస్తాను: నామీద కక్షకొద్దీ ఎక్కడినుంచో తెచ్చి కావాలనే పోస్తున్నాడేమో. ఇది ఒంట్లో తయారయ్యేదని డాక్టర్ చెప్పి అప్పటికి పదమూడు రోజులైంది.

మూత 68వ రోజు

సుభద్రతో కలిసి వెళ్లాను. పోలమ్మ తలుపు తీసి నన్ను చూసి సగం మూసింది.

"ఇంకా ఏటి కావాల నీకు?"

"పోలమ్మా, నేను డాక్టర్ని. లోపలికి రానివ్వండి," అంది సుభద్ర.

నాయుడన్న మంచం మీద ఉన్నాడు. పదకొండు రోజుల్లో ముఖం సున్నం వేసిన గోడలా అయిపోయింది. దిండు మీద ఎండిన రక్తం మరకలు, గోధుమరంగులో, 48వ సీసా మూత మీద ఉన్నట్టే. ఆ మరకను నేను తుప్పు అనుకున్నాను.

"ఎన్నాళ్లనుంచి ఇలా?" అని అడిగింది డాక్టర్.

"రెండు నెల్లైపోనాది," అంది పోలమ్మ. "ఆస్పత్రికి ఎల్లమంటే డూటీ అన్నాడు. డూటీ పోనాక, ఇప్పుడెల్తే నాటకమాడతన్నాడంటారు అన్నాడు. పళ్లు తోమితే నోరంతా నెత్తురే. రోజూ మారుస్తన్నాను ఆ దిండు గలీబులు."

నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఆ ఇద్దరూ మాట్లాడుకుంటుంటే నాలో లెక్క దానంతటదే తిరిగింది. డ్యూటీలో ఉన్న రెండు రోజులూ ఆయన ప్లాంటులోనే ఉంటాడు. ప్లాంటు మరుగుదొడ్డి గొట్టం ఏ వరసలోనూ కలవదు, నేరుగా పెద్ద తొట్టిలోకి పోతుంది. ఆయన డ్యూటీలో ఉంటే మూడో వరస నీళ్లలో ఆయన ఉండడు. నా డ్యూటీ అంటే ఆయన ఇంట్లో ఉన్నాడని. పెద్ద తొట్టిలో రెండు వందల పదకొండు మంది నీళ్లు కలుస్తాయి, అక్కడ అంత చిన్నది కనిపించదు. ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టాం కాబట్టి ప్రతి రోజూ కనిపించింది.

ఆయన ఒక్క సీసా మార్చలేదు. ఒక్క అంకె మార్చలేదు.

"అన్నా," అన్నాను.

ఆయన కళ్లు తెరిచి గోడవైపు తిరిగాడు.

మూత 71వ రోజు

నెత్తురు పరీక్షలో సుభద్ర చెప్పిందే తేలింది. ఇది పుట్టుకతో వచ్చింది కాదట, ఒంట్లో ఎప్పుడో ఒక కణంలో మొదలైందట. తీరంలోని పెద్దాస్పత్రి వాళ్లు మాత్ర తయారీ వివరాలు వైరు మీద పంపారు. మన మందుగది మిషన్ చేయడానికి తొమ్మిది రోజులు పడుతుంది. అంతవరకు నెత్తురు ఎక్కించాలి. నాది ఆయనకు సరిపోదన్నారు.

సాయంత్రం కమిటీ హాల్లో నిలబడి నేను రాసిచ్చిన ఫిర్యాదు మొదటినుంచి చివరిదాకా చదివాను. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది తప్పు, ఇందువల్ల తప్పు అని చెప్పాను. సింహాచలం మధ్యలో, "చాల్లేమ్మా, అర్థమైపోనాది," అన్నాడు. నేను ఆపలేదు. తాళంచెవి పోలమ్మకు తిరిగి ఇచ్చారు.

వెనక వరసలోంచి ఒకాయన లేచి, ఆయన నీళ్లు మనమంతా తాగుతున్నాం కదా, మనకూ రాదా అని అడిగాడు. రాదని డాక్టర్ చెప్పింది. ఎవరూ నమ్మినట్టు లేరు. మంచినీళ్ల తొట్టి కాగితాలు చూపించాను, వాటిలో ఆ పీక్ ఏ రోజూ లేదు. నా కాగితాలను ఇప్పుడు ఎందుకు నమ్మాలని అదే మనిషి అడిగాడు.

మూత 80వ రోజు

మాత్రలు మొదలుపెట్టారు. రోజుకు ఒకటి.

ఇంటి వాల్వు దగ్గర రోజూ సీసా పట్టాలని డాక్టర్ అడిగింది. నేను పట్టకూడదని పోలమ్మ అంది. డాక్టరే వచ్చి పట్టుకుంటోంది. ప్లాంటులో నాతోపాటు చూడటానికి రెండో వరస నుంచి ఒకామెను పంపారు. జల్లెడ కడగడం నేర్పుతున్నాను. నాయుడన్న నాకు ఎలా నేర్పాడో అలాగే, మొదట అంచులు, తర్వాత మధ్య.

మూత 93వ రోజు

నిన్న నాయుడన్నకు జ్వరం నూట మూడు. ఊపిరి అందలేదు. కాళ్లు వాచాయి. ఆస్పత్రిలో చేర్చారు. పోలమ్మ ఆస్పత్రి వరండాలో నన్ను చూసి సూటిగా మీదికి వచ్చింది.

"మాత్ర మింగడానికి ఇచ్చే నీళ్లు నీ తొట్టివే కదా. ఏటి కలిపినావు?"

"ఏమీ కలపలేదు వదినా."

"వదినని పిలవకు. నా మొగుడు కూడా ఏటీ మార్చలేదనే సెప్పినాడు. నువ్వు నమ్మినావా?"

నేను నిజమే చెబుతున్నాను. దాన్ని చూపించడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. కమిటీ ముందు ఆయన నిలబడ్డ చోటు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

సుభద్ర బయటికి వచ్చి మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. మాత్ర పనిచేయబట్టే ఇలా అయిందట. ఇన్నాళ్లూ ఎదగకుండా ఆగిపోయిన కణాలన్నీ ఒక్కసారిగా ఎదగడం మొదలుపెట్టి, ఊపిరితిత్తుల నిండా చేరాయట. దీనికి వేరే మందు ఉంది, పొద్దుటినుంచి ఎక్కిస్తున్నానంది. పోలమ్మ డాక్టర్‌ను నమ్మింది. నన్ను కాదు. ఆస్పత్రి కూజాలో నీళ్లు పారబోసి, నాలుగో వరసలో చుట్టాలింటి నుంచి నీళ్లు తెచ్చుకుంది. అవి కూడా నా తొట్టివే అని నేను చెప్పలేదు.

మూత 96వ రోజు

జ్వరం దిగింది. గంజి తాగాడట.

మూత 124వ రోజు

ఏడో ఇంటి సీసా కాగితం డాక్టర్ చూపించింది. పీక్ గోరంత కూడా లేదు, ఆవగింజంత ఉంది. పూర్తిగా పోలేదు. పోతుందో లేదో, ఎన్నాళ్లు ఆగుతుందో తనకూ తెలియదంది. కొందరిలో ఆ ఎంజైము మాత్రను తప్పించుకునే దారి కూడా వెతుక్కుంటుందట. "అందుకే చూస్తూ ఉండాలి. అనుమానంతో కాదు, శ్రద్ధగా," అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

మూత 131వ రోజు

పొద్దున తొమ్మిదికి ప్లాంటు తలుపు దగ్గర అడుగుల చప్పుడైతే చూశాను. నాయుడన్న. వెనక పోలమ్మ, ఆయన చేయి పట్టుకుని. ఆమె గుమ్మం బయటే ఆగిపోయింది.

కుర్చీ జరిపాను. ఆయన కూర్చోలేదు. జల్లెడల వైపు, మిషన్ వైపు చూశాడు. ఈ పుస్తకం బల్లమీద తెరిచే ఉంది. నేను దాన్ని ఆయన వైపు తిప్పాను. ఎవరి డ్యూటీ పుస్తకం వాళ్లు రాసుకుని వెంట తీసుకెళ్తాం, అడిగితే ఎవరికైనా చూపాలి. నేను ఏమేం రాశానో ఆయనకు తెలియకుండా నా పక్కన పనిచేయమని అడగలేను.

నిలబడే చదివాడు. 53వ రోజు దగ్గర ఆగి, ఆ పేజీ మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ నేను నిన్నడిగినాను, నీకేటైనా కనిపించిందేటని."

"అవును."

"లేదన్నావు."

"అన్నాను."

"నీ డూటీలో ఉంది, నా డూటీలో లేదు అని ఆ రోజే సెప్పుంటే, నేనే సెప్పీవోణ్ని కదా సెల్లీ. నేను ఇంటికాడ ఉండీ రోజులవే అని. నాకు అంతకుముందు నుంచే ఒంట్లో బాగోలేదు. ఆ రోజే తేలిపోయీది."

ఆయన గొంతు పెంచలేదు. తప్పు ఒప్పుకోవడానికి ఎన్ని మాటలు సిద్ధం చేసుకున్నానో అవన్నీ ఆ ఒక్క మాట ముందు పనికిరాకుండా పోయాయి. పదిహేను రోజులు. ఆ పదిహేను రోజుల్లో ఆయన పళ్లు తోముకున్నప్పుడల్లా నెత్తురు ఉమ్ముకున్నాడు. నేను సీసాలు దాచుకున్నాను.

"క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదన్నా."

"అడగొద్దు. ఇప్పుడు నాకు అది ఇచ్చీ ఓపిక లేదు." పుస్తకం మూసి, "వచ్చే వారం నుంచి రోజుకి సగం పూట వస్తాను. పోలమ్మ కూకుంటాది బయట. కుదిరితే తర్వాత సూద్దాం," అన్నాడు.

సరేనన్నాను. ఆయన వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. అప్పుడు అడిగాను, ఇన్ని నెలల్లో మొదటిసారి:

"ఒంట్లో ఎలా ఉందన్నా?"

ఆయన వెనక్కి తిరిగాడు. నిజంగా అడుగుతున్నానా అని చూసినట్టు చూశాడు.

"ఇక్కడికి నలభై మెట్లు దిగినాను," అన్నాడు. "రెండు సార్లు కూకున్నాను. నిన్న దిగి సూసినప్పుడైతే నాలుగు సార్లు."

ఆయన చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాశాను. తర్వాత ఇవాళ్టి సీసాలు పట్టడానికి లేచాను.